అప్లికేషన్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఏ లైబ్రరీ వాడాలి?

ఆర్డర్లు చూసే సర్వీసు ఒకటి, బిల్లులు వేసే సర్వీసు ఒకటి ఉన్నాయనుకోండి. మొదటిది నెట్‌వర్క్ మీదుగా రెండోదాన్ని పిలిచి "ఈ ఆర్డర్‌కి బిల్లు వెయ్యి" అంటుంది. అలా అడిగింది నిజంగా ఆర్డర్ల సర్వీసేనా, ఎలాగో ఆ నెట్‌వర్క్‌లోకి దూరిన ఇంకెవరైనానా? లాగిన్ అయ్యేది మనిషైతే పాస్‌వర్డ్ కొడతాడు, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కొడతాడు. ఇక్కడ అలాంటి మనిషి లేడు. రాత్రి 2 గంటలకు సర్వర్ రీస్టార్ట్ అయినా ఆ ప్రోగ్రామ్ ఎవరి సాయం లేకుండా తానెవరో నిరూపించుకోవాలి.

దీనికి లైబ్రరీలకు కొదవ లేదు. కెర్బెరోస్, జీఎస్ఎస్ ఏపీఐ, సాస్ల్, రెండువైపులా సర్టిఫికెట్లతో టీఎల్ఎస్ (వెబ్‌సైట్ల హెచ్‌టీటీపీఎస్ వెనక ఉండే ఎన్‌క్రిప్షన్), ఓఆత్ టోకెన్లు, హెచ్‌మ్యాక్ సంతకాలు. చాలామంది వీటిని పోల్చేటప్పుడు ఏది త్వరగా పని చేయించవచ్చో చూస్తారు. నేను వేరే లెక్కతో చూడమంటాను. లైబ్రరీ పిలిచే కోడ్ రాయడం రెండు మూడు రోజుల పని. ఆ కోడ్ వాడే కీ మాత్రం ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆ కీ ఎవరిస్తారు, ఎవరు మారుస్తారు, లీకైతే ఎంతసేపట్లో రద్దు చేయగలరు? ఈ మూడింటికీ మీ టీమ్‌లో జవాబు ఉన్న పద్ధతే మీకు మంచి పద్ధతి. జవాబు లేకపోతే ఎంత గొప్ప లైబ్రరీ అయినా ఏదో ఒకరోజు తలనొప్పి తెస్తుంది.

కెర్బెరోస్, దాని ముందు నిలబడే జీఎస్ఎస్ ఏపీఐ

కెర్బెరోస్ 1980లలో ఎంఐటీలో ప్రాజెక్ట్ అథీనా కోసం పుట్టింది. ఇప్పుడు అందరూ వాడే ఐదో వెర్షన్ 1993లో ప్రమాణంగా వచ్చింది, 2005లో ఆర్ఎఫ్‌సీ 4120గా తిరగరాశారు (ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే పత్రం). విండోస్ 2000 నుంచి విండోస్ డొమైన్లలో ఇదే ప్రధాన పద్ధతి. కాబట్టి యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లు, మెషీన్ల వివరాలు ఉంచే మైక్రోసాఫ్ట్ సర్వర్) ఉన్న ప్రతి ఆఫీసులోనూ, ఎవరూ గమనించకపోయినా, కెర్బెరోస్ నడుస్తూనే ఉంటుంది.

పని చేసే తీరు చక్కగా ఉంటుంది. కేడీసీ అనే ఒక నమ్మకమైన సర్వర్ ఉంటుంది. ఆర్డర్ల సర్వీసు దాని దగ్గరికి వెళ్లి "నేను బిల్లింగ్‌తో మాట్లాడాలి" అంటే, బిల్లింగ్ సర్వీసు కీతో ఎన్‌క్రిప్ట్ చేసిన టికెట్ ఒకటి ఇస్తుంది. బిల్లింగ్ సర్వీసు తన కీ దాచి ఉంచిన కీట్యాబ్ ఫైల్‌తో ఆ టికెట్ తెరుస్తుంది. తెరుచుకుంటే, అది కేడీసీ ఇచ్చిందే. టికెట్ సరిచూడటానికి బిల్లింగ్ సర్వీసు మళ్లీ కేడీసీని అడగక్కర్లేదు. పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద ఎక్కడా కనిపించదు. ఇన్నేళ్లు నిలబడిందంటే ఈ అమరిక వల్లే.

కోడ్‌లో మాత్రం కెర్బెరోస్‌ను నేరుగా పిలవకండి. దాని మీద జీఎస్ఎస్ ఏపీఐ అనే పొర ఉంది (2000 నాటి ఆర్ఎఫ్‌సీ 2743), దాన్ని వాడండి. లినక్స్‌లో ఎంఐటీ లైబ్రరీ గానీ హైమ్‌డాల్ గానీ దీన్ని ఇస్తాయి, జావాలో సొంత అమరిక ఉంది, పైథాన్‌లో అదే పేరుతో మాడ్యూల్ ఉంది. విండోస్‌లో ఎస్ఎస్‌పీఐ అనే వేరే ఏపీఐ ఉంటుంది గానీ, కెర్బెరోస్ టోకెన్ల వరకు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు.

మొదటిసారి వాడేవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. జీఎస్ఎస్ ఏపీఐ అవతలి సర్వీసుతో నెట్‌వర్క్ మీద తానుగా మాట్లాడదు. మీరు 'ఇనిట్ సెక్ కాంటెక్స్ట్' ఫంక్షన్ పిలిస్తే అది కొన్ని బైట్లు చేతికిస్తుంది. వాటిని అవతలికి పంపడం మీ పని. అవతలివాళ్లు వాటిని 'యాక్సెప్ట్ సెక్ కాంటెక్స్ట్'కి ఇస్తారు, అది ఇంకొన్ని బైట్లు ఇస్తుంది, అవి మళ్లీ మీ దగ్గరికి వస్తాయి. 'కంటిన్యూ నీడెడ్' అని వచ్చినన్నాళ్లూ ఈ లూప్ తిరగాలి. ఒక్కసారి పిలిచి అయిపోయిందనుకుని వదిలేసిన కోడ్ నేను చాలాచోట్ల చూశాను. టెస్ట్‌లో ఒకే రౌండ్‌లో పూర్తయ్యేది, అసలు వాతావరణంలో రెండు రౌండ్లు అడిగేసరికి ఆగిపోయేది.

ఇంకో మాట. అవతలి సర్వర్ కూడా తనెవరో నిరూపించాలని మీరు ఫ్లాగ్ పెట్టి అడగవచ్చు. అడిగినంత మాత్రాన అది జరిగినట్టు కాదు. లూప్ ముగిశాక తిరిగొచ్చిన ఫ్లాగుల్లో అది నిజంగా ఉందో లేదో చూసుకోవాలి. అలాగే, గుర్తింపు అయిపోయాక అసలు డేటాను 'ర్యాప్' ఫంక్షన్‌తో చుట్టకుండా మామూలు సాకెట్ మీద పంపేస్తే, మధ్యలో కూర్చున్నవాడు ఆ కనెక్షన్‌ను లాక్కోవచ్చు. ర్యాప్ వాడండి, లేదంటే మొత్తాన్ని టీఎల్ఎస్ లోపల నడపండి.

ఇబ్బందులూ చెప్పాలి. రెండు మెషీన్ల గడియారాల మధ్య తేడా మామూలుగా 5 నిమిషాలు దాటితే కెర్బెరోస్ ఒప్పుకోదు. సర్వీసు పేరు డీఎన్ఎస్ పేరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, మారుపేరుతో పిలిస్తే "సర్వర్ డేటాబేస్‌లో లేదు" అంటుంది. ఎర్రర్ మెసేజ్‌లు చదివితే ఏం అర్థం కాదు. ఎంఐటీ లైబ్రరీ వాడుతుంటే 'కేఆర్‌బీ5 ట్రేస్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఒక ఫైల్ పేరు పెట్టండి. ఏ కేడీసీని అడిగింది, ఏ పేరుతో టికెట్ అడిగింది, ఎక్కడ ఆగిందో అంతా అందులో పడుతుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే నాకు కొన్ని వారాంతాలు మిగిలేవి.

యాక్టివ్ డైరెక్టరీ గానీ వేరే కేడీసీ గానీ ఇప్పటికే ఉండి, దాన్ని చూసుకునే మనుషులుంటే కెర్బెరోస్ తీసుకోండి. అంతా ఒకే సంస్థ నెట్‌వర్క్ లోపలే ఉంటే దీనికి సాటి వచ్చేవి తక్కువ. కేడీసీ లేని చోట, ఈ ఒక్క అవసరం కోసం కొత్తగా పెట్టకండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

సాస్ల్ గురించి క్లుప్తంగా

సాస్ల్ కూడా ఒక పొరే. మెయిల్, ఎల్‌డ్యాప్, ఎక్స్ఎంపీపీ, కాఫ్కా లాంటి ప్రోటోకాల్స్ "ఏ పద్ధతిలో గుర్తింపు చూద్దాం" అని మాట్లాడుకోవడానికి వాడతాయి. మీరే కొత్త ప్రోటోకాల్ రాస్తుంటే తప్ప ఇది మీ ఎంపికలోకి రాదు. ఉన్న ప్రోటోకాల్ వాడుతుంటే లోపల ఏ పద్ధతి పెట్టాలన్నదే ప్రశ్న. టీఎల్ఎస్ లేకుండా 'ప్లెయిన్' పెట్టవద్దు, అందులో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. పాస్‌వర్డ్ పంపకుండానే అది తెలుసని నిరూపించే 'స్క్రామ్' పెట్టుకోండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 2017లో పదో వెర్షన్‌తో స్క్రామ్ షా 256 తెచ్చింది, 14వ వెర్షన్ నుంచి కొత్త పాస్‌వర్డ్‌లకు అదే డిఫాల్ట్.

రెండువైపులా టీఎల్ఎస్

మామూలు టీఎల్ఎస్‌లో సర్వర్ మాత్రమే సర్టిఫికెట్ చూపిస్తుంది. క్లయింట్ కూడా చూపించాలని పట్టుబడితే అది ఎంటీఎల్ఎస్. కొత్తగా మొదలుపెట్టే సర్వీసులకు నేను మొదట చూడమనేది దీన్నే. ఏ భాషలోనైనా లైబ్రరీ ఉంది, అవతలివాళ్లు మీ సంస్థవాళ్లు కాకపోయినా పనిచేస్తుంది, ప్రైవేట్ కీ మెషీన్ దాటి బయటికి వెళ్లదు, గుర్తింపుతో పాటు ఎన్‌క్రిప్షన్ కూడా ఒకేసారి వచ్చేస్తుంది.

అయితే ఇక్కడ ఒక్క ఆప్షన్ తప్పు పెడితే తలుపు బార్లా తెరిచినట్టే. దగ్గర నుంచి చూద్దాం. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే టీఎల్ఎస్ లైబ్రరీతో సర్వర్ రాస్తూ 'వెరిఫై పీర్' పెట్టారు. సర్టిఫికెట్ పంపిన క్లయింట్‌ను అది సరిచూస్తుంది. అసలు సర్టిఫికెట్టే పంపని క్లయింట్‌ను? లోపలికి రానిస్తుంది. దాన్ని ఆపాలంటే 'ఫెయిల్ ఇఫ్ నో పీర్ సర్ట్' అనే ఫ్లాగ్ కూడా కలపాలి. గో భాషలో 'రిక్వైర్ ఎనీ క్లయింట్ సర్ట్' అనే ఆప్షన్ ఉంది. పేరు చూస్తే గట్టిగా ఉన్నట్టుంది గానీ, సర్టిఫికెట్ ఉందో లేదో చూస్తుంది తప్ప ఎవరు సంతకం చేశారో చూడదు. ఎవరికి వారు ఇంట్లో చేసుకున్న సర్టిఫికెట్ కూడా చెల్లిపోతుంది. మీకు కావలసింది 'రిక్వైర్ అండ్ వెరిఫై క్లయింట్ సర్ట్'. పైథాన్‌లో సర్వర్ కోసం డిఫాల్ట్ కాంటెక్స్ట్ తయారు చేస్తే అది క్లయింట్ సర్టిఫికెట్ అడగనే అడగదు, 'సర్ట్ రిక్వైర్డ్' అని మీరే పెట్టాలి. ఈ మూడింటిలోనూ సరైన క్లయింట్‌తో టెస్ట్ చేస్తే అంతా బాగానే ఉంటుంది. తప్పుడు క్లయింట్‌తో ప్రయత్నిస్తే తప్ప లోపం బయటపడదు.

క్లయింట్ వైపు కూడా ఇలాంటి ఉచ్చులుండేవి. లిబ్‌కర్ల్ అనే హెచ్‌టీటీపీ లైబ్రరీలో సర్వర్ పేరు సరిచూసే ఆప్షన్‌కి విలువ 2 ఇవ్వాలి. పీహెచ్‌పీ రాసేవాళ్లు 'ట్రూ' అని ఇచ్చేవాళ్లు, అది 1 అయ్యేది, 1 అంటే సర్టిఫికెట్‌లో ఏదో ఒక పేరుంటే చాలు. అంటే భద్రత పెంచుతున్నామనుకుని తీసేసేవాళ్లు. 2012లో 7.28.1 వెర్షన్‌తో దీన్ని సరిదిద్దారు. ఆ ప్రోగ్రామర్ల తప్పు ఇందులో చాలా తక్కువని నా అభిప్రాయం. ఏపీఐ అలా ఉన్నప్పుడు ఎవరైనా అలాగే రాస్తారు.

సీఏ (సర్టిఫికెట్ల మీద సంతకం చేసి ఇచ్చే అథారిటీ) సంతకం సరిపోయిందంటే వచ్చినవాడు మనవాడని మాత్రమే తెలిసింది. వాడు ఎవరో ఇంకా చూడాలి. సర్టిఫికెట్‌లోని సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ తీసి, ఆ పేరుకి బిల్లు వేయించే అనుమతి ఉందో లేదో మీ కోడ్ చూడాలి. ఇది మర్చిపోతే మీ సీఏ సర్టిఫికెట్ ఇచ్చిన ప్రతి సర్వీసూ అన్ని పనులూ చేయగలదు. దీనికోసం సొంత ప్రైవేట్ సీఏ పెట్టుకోండి. మెషీన్ మీద ముందే ఉండే పబ్లిక్ సీఏల రూట్ సర్టిఫికెట్లను క్లయింట్లను నమ్మడానికి వాడితే, డొమైన్ కొనుక్కున్న ఎవరి సర్టిఫికెట్ అయినా ఆ మొదటి మెట్టు దాటేసే ప్రమాదం ఉంది.

లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్ట్‌లను సర్వర్లకు పంచేది) ఉంటే ఇంకో జాగ్రత్త. టీఎల్ఎస్ అక్కడే ముగిసి, క్లయింట్ పేరు ఒక హెచ్‌టీటీపీ హెడర్‌లో లోపలికి వస్తుంది. అదే పేరున్న హెడర్‌ను బయటివాళ్లు సొంతంగా పెట్టి పంపితే? లోడ్ బ్యాలెన్సర్ దాన్ని తీసేసి తనది రాయాలి, లోడ్ బ్యాలెన్సర్‌ను తప్పించుకుని సర్వీసు దగ్గరికి చేరే దారి కూడా ఉండకూడదు.

ఇక ఎక్స్‌పైరీ. నేను పనిచేసిన ఒకచోట అంతర్గత సర్టిఫికెట్లు ఏడాదికోసారి చేత్తో మార్చేవాళ్లం. మార్చే మనిషి వేరే టీమ్‌కి వెళ్లాడు, క్యాలెండర్‌లో గుర్తు కూడా ఆయనతోనే వెళ్లింది. శనివారం రాత్రి గడువు ముగిసింది, అప్పుడేం జరగలేదు. ఎందుకంటే సర్టిఫికెట్‌ను కనెక్షన్ మొదలయ్యేటప్పుడే చూస్తారు, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు నడుస్తూనే ఉన్నాయి. ఆదివారం పొద్దున్నుంచి ఒక్కో సర్వీసు రీస్టార్ట్ అయినప్పుడల్లా ఒక్కోటి పడిపోతూ వచ్చింది. ఏది ఎందుకు పడిందో సంబంధం తెలియక నాలుగు గంటలు వెతికాం. అంత టెన్షన్ మళ్లీ ఎవరికీ వద్దు. చేత్తో మార్చే ఏర్పాటుతో ఎంటీఎల్ఎస్ పెట్టవద్దని అప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ చెప్తున్నాను.

ఆటోమేటిక్‌గా మార్చడానికి స్పిఫీ అనే ప్రమాణం, దాన్ని అమలు చేసే స్పైర్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. రెండూ 2022లో సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ ఫౌండేషన్‌లో గ్రాడ్యుయేట్ అయ్యాయి, అంటే పరిణతి చెందిన ప్రాజెక్టులుగా గుర్తింపు పొందాయి. స్పైర్ ఇచ్చే సర్టిఫికెట్ గడువు మామూలుగా ఒక గంటే, గడువు ముగిసేలోపు కొత్తది అదే ఇస్తుంది. గంటలో చచ్చిపోయే కీ లీకైనా నష్టం గంటే. రద్దయిన సర్టిఫికెట్ల జాబితాలు చూసుకునే గొడవ చాలావరకు తప్పిపోతుంది. పది సర్వీసులు దాటిన చోట ఈ శ్రమ తప్పకుండా గిట్టుబాటవుతుంది. మూడు నాలుగు ఉంటే చిన్న ప్రైవేట్ సీఏ, సర్టిఫికెట్లు మార్చే ఒక స్క్రిప్ట్, గడువు దగ్గరపడితే మోగే అలర్ట్ చాలు.

లైబ్రరీ ఏదంటే, సీ భాషలో ఓపెన్ ఎస్ఎస్ఎల్ ఎక్కువమందికి తెలిసినది, గోలో భాషతో వచ్చేదే వాడండి, రస్ట్‌లో రస్ట్‌ఎల్ఎస్ బాగుంది. చిన్న పరికరాలకు ఎంబెడ్ టీఎల్ఎస్. టీఎల్ఎస్ 1.3 (2018) లేని లైబ్రరీని కొత్త పనికి తీసుకోవద్దు.

ఓఆత్ టోకెన్లు, జేడబ్ల్యూటీ

ఓఆత్ 2.0 (2012, ఆర్ఎఫ్‌సీ 6749) అంటే అందరికీ "ఫలానా ఖాతాతో లాగిన్ అవ్వండి" అనే బటన్ గుర్తొస్తుంది. మనిషి లేని పనికి అందులోనే 'క్లయింట్ క్రెడెన్షియల్స్' అనే దారి ఉంది. సర్వీసు తన రహస్యం చూపించి ఆథరైజేషన్ సర్వర్ దగ్గర టోకెన్ తీసుకుంటుంది, దాన్ని ప్రతి రిక్వెస్ట్‌కి జోడిస్తుంది. ఎవరు, ఏం చేయొచ్చు అనే రెండూ టోకెన్‌లోనే ఉంటాయి కాబట్టి బయటి సంస్థలకు ఏపీఐ ఇచ్చేటప్పుడు ఇది సుఖం.

దీని బలహీనత కూడా టోకెన్‌లోనే ఉంది. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. లాగ్ ఫైల్‌లో హెడర్లు ప్రింట్ అయితే, ఆ లాగ్ చదివినవాడు గడువు ముగిసేదాకా మీ సర్వీసే. అందుకే గడువు నిమిషాల్లో ఉంచండి. టోకెన్‌ను క్లయింట్ సర్టిఫికెట్‌కి ముడివేసే పద్ధతి కూడా ఉంది (ఆర్ఎఫ్‌సీ 8705). ఎంటీఎల్ఎస్ ఎలాగూ ఉంటే అది వాడండి.

టోకెన్ చాలాసార్లు జేడబ్ల్యూటీ (సంతకం చేసిన జేసన్ టెక్స్ట్) రూపంలో ఉంటుంది, లైబ్రరీ ఎంపికలో అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. జేడబ్ల్యూటీ తన తలభాగంలో తానే "నా సంతకం ఈ అల్గారిథమ్‌తో" అని చెప్పుకుంటుంది. 2015లో చాలా లైబ్రరీలు ఆ మాటను నమ్మేస్తున్నాయని బయటపడింది. అల్గారిథమ్ 'నన్' అని రాసి, సంతకం తీసేసి పంపితే కొన్ని ఒప్పేసుకున్నాయి. ఆర్ఎస్ఏ అనుకున్న చోట హెచ్‌మ్యాక్ అని రాసి, అందరికీ తెలిసిన పబ్లిక్ కీనే రహస్యంగా వాడి సంతకం చేసినా ఇంకొన్ని ఒప్పుకున్నాయి. పైథాన్‌లోని 'పైజేడబ్ల్యూటీ' లైబ్రరీ రెండో వెర్షన్ నుంచి, డీకోడ్ చేసేటప్పుడు ఏ అల్గారిథమ్‌లు ఒప్పుకుంటారో మీరే చెప్పి తీరాలి. ఇలాంటి లైబ్రరీనే తీసుకోండి. నోడ్‌లోని జేసన్ వెబ్ టోకెన్ లైబ్రరీలో 'డీకోడ్', 'వెరిఫై' అని రెండు ఫంక్షన్లున్నాయి. డీకోడ్ సంతకం చూడదు, విప్పి చూపిస్తుంది అంతే. కోడ్ రివ్యూలో ఆ మాట కనిపిస్తే ఆగి అడగండి. సంతకంతో పాటు ఎవరిచ్చారు, ఎవరికోసం ఇచ్చారు, గడువెప్పుడు అనేవి మూడూ సరిచూడాలి. 'ఎవరికోసం' అన్నది వదిలేస్తే వేరే సర్వీసు కోసం తీసుకున్న టోకెన్ మీ దగ్గర కూడా చెల్లుతుంది.

హెచ్‌మ్యాక్

ఇద్దరి దగ్గరా ఒకే రహస్యం, దాంతో ప్రతి మెసేజ్‌కీ సంతకం. 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2104. ప్రతి భాషలోనూ ముందే ఉంటుంది, అదనపు సర్వర్ ఏదీ అక్కర్లేదు. వెబ్‌హుక్‌లకు (ఏదైనా జరిగినప్పుడు ఒక సర్వీసు ఇంకోదానికి పంపే కబుర్లు), ఇద్దరు ముగ్గురు భాగస్వాములున్న చోటకి ఇదే సులువు. భాగస్వాములు పెరిగేకొద్దీ కీలు తడిసి మోపెడవుతాయి. పైగా కీ ఇద్దరి దగ్గరా ఉంటుంది కాబట్టి "ఇది వాళ్లే పంపారు" అని మూడోవాళ్లకి నిరూపించలేరు.

సొంతంగా రాసేవాళ్లు జారిపడే చోట్లు మూడు. జేసన్‌ను విప్పి, మళ్లీ టెక్స్ట్‌గా మార్చి దానిమీద సంతకం చూస్తారు. ఒక ఖాళీ అటూఇటూ అయినా సరిపోదు, అందుకే వచ్చిన బైట్లు వచ్చినట్టే వాడాలి. సంతకాలను మామూలు సమానత గుర్తుతో పోలుస్తారు. ఎన్ని అక్షరాల దాకా సరిపోయిందో పట్టే సమయాన్ని బట్టి ఊహించే వీలుంటుంది, కాబట్టి పైథాన్‌లో 'కంపేర్ డైజెస్ట్', నోడ్‌లో 'టైమింగ్ సేఫ్ ఈక్వల్' వాడాలి. (నోడ్ ఫంక్షన్ రెండింటి పొడవులు వేరైతే ఎర్రర్ విసురుతుంది, ముందే చూసుకోండి.) ఇక మూడోది, సంతకం చేసే భాగంలో సమయం కలపరు. అలాగైతే పాత రిక్వెస్ట్‌ను పట్టుకున్నవాడు రేపు మళ్లీ పంపగలడు. ఏయే హెడర్ల మీద ఎలా సంతకం చేయాలో 2024లో ఆర్ఎఫ్‌సీ 9421 నిర్ణయించింది. సొంత ఫార్మాట్ కనిపెట్టే ముందు దాన్ని అమలు చేసే లైబ్రరీ మీ భాషలో ఉందేమో చూడండి.

ఏది తీసుకున్నా ముందు చేయాల్సింది

2018 అక్టోబర్‌లో లిబ్‌ఎస్ఎస్‌హెచ్ అనే రిమోట్ లాగిన్ లైబ్రరీలో ఒక లోపం బయటపడింది. సర్వర్ "పాస్‌వర్డ్ ఇవ్వు" అనే దశలో ఉన్నప్పుడు, క్లయింటే "గుర్తింపు విజయవంతం" అనే మెసేజ్ పంపితే సర్వర్ నమ్మేసేది. ఆ మెసేజ్ సర్వర్ నుంచి క్లయింట్‌కి వెళ్లాల్సింది, ఎదురుదారిలో వస్తే ఏమిటన్నది ఎవరూ చూడలేదు. సరైన క్లయింట్లతో చేసే టెస్ట్‌లు ఇలాంటివాటిని ఎప్పటికీ పట్టవు.

కాబట్టి లైబ్రరీ ఎంచుకునే ముందు, ఒక రోజు కేటాయించి, తిరస్కరణ టెస్ట్‌లు రాయండి. సర్టిఫికెట్ లేని క్లయింట్, వేరే సీఏ సంతకం చేసిన సర్టిఫికెట్, గడువు ముగిసింది, సరైన సీఏదే గానీ అనుమతి లేని పేరు, అల్గారిథమ్ 'నన్' అన్న టోకెన్, వేరే సర్వీసు కోసం ఇచ్చిన టోకెన్, నిన్నటి హెచ్‌మ్యాక్ రిక్వెస్ట్, గడియారం పది నిమిషాలు వెనక ఉన్న మెషీన్. మీ పద్ధతికి వర్తించేవన్నీ తలుపు దగ్గరే ఆగాలి. ఎందుకు ఆగిందో లాగ్‌లో అర్థమయ్యే మాటల్లో ఉండాలి. రెండు లైబ్రరీలు సమానంగా తోస్తే, ఈ లాగ్ ఎవరిది బాగుంటే దాన్ని తీసుకోండి.

ఆ తర్వాత కీ మార్చి చూడండి. సర్వీసు ఆపకుండా మార్చగలగాలి. అంటే కొన్నాళ్లు పాత కీ, కొత్త కీ రెండూ చెల్లాలి. టీఎల్ఎస్‌లో రెండు సీఏలను ఒకేసారి నమ్మడం, జేడబ్ల్యూటీలో కీకి గుర్తింపు సంఖ్య పెట్టడం, కెర్బెరోస్‌లో కీట్యాబ్‌లో రెండు వెర్షన్లు ఉంచడం, హెచ్‌మ్యాక్‌లో రెండు రహస్యాలతో వరసగా ప్రయత్నించడం. ముందు సరిచూసే వైపు కొత్త కీ చేర్చండి, తర్వాత పంపే వైపు దానికి మారండి, పాత కీతో ఒక్క రిక్వెస్ట్ కూడా రావడం లేదని లాగ్‌లో చూసుకున్నాకే దాన్ని తీసేయండి. ఈ వరసను ప్రొడక్షన్‌కి వెళ్లకముందే ఒకసారి, టీమ్‌లో దీన్ని రాయని మనిషి చేత చేయించండి.